కాగితాలు లేని విద్యార్థికి డిగ్రీ తర్వాత దారి వెతకడంలో మీరెలా తోడుండాలి

అమెరికా కాలేజీల్లో ఇమిగ్రేషన్ కాగితాలు లేకుండా చదువుకుంటున్న విద్యార్థులు 4 లక్షలకు పైనే ఉంటారని అంచనా. చాలామంది చిన్నవయసులో అమ్మానాన్నల వెంట వచ్చినవాళ్లే. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల హైస్కూలు దాకా వాళ్లనెవరూ ఆపలేదు. ఫెడరల్ ఆర్థిక సాయం అందకపోయినా ప్రైవేటు స్కాలర్‌షిప్పులు, కొన్ని రాష్ట్రాలిచ్చే సాయం, ఇంట్లోవాళ్ల కష్టార్జితం కలిపి కాలేజీ కూడా గట్టెక్కుతారు. అసలు చిక్కు ఆఖరి ఏడాదిలో మొదలవుతుంది. తోటివాళ్లు ఆఫర్ లెటర్లు చూపించుకుంటుంటే వీళ్ల చేతిలో మంచి మార్కులుంటాయి, పనిచేసే అనుమతి మాత్రం ఉండదు.

ఇది మన తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. అమెరికాలో కాగితాలు లేని భారతీయులు ఎందరన్నదానిపై లెక్కలు కలవవు. 2022కి సంబంధించి ప్రభుత్వ అంచనా 2.2 లక్షలైతే, ప్యూ పరిశోధన సంస్థ అంచనా 7.25 లక్షలు. మనవాళ్లు ఈ స్థితిలోకి వచ్చే దారులు వేరుగా ఉంటాయి. నాన్న హెచ్-1బీ ఉద్యోగ వీసా పోయి ఇల్లంతా స్టేటస్, అంటే చట్టబద్ధంగా ఉండే హోదా, కోల్పోవడం, హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లలు 21 నిండాక ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారలేకపోవడం, నకిలీ కాలేజీల వలలో పడటం. 2011లో ట్రై-వ్యాలీ, 2019లో ప్రభుత్వమే వల పన్ని పెట్టిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, రెండుసార్లూ దెబ్బతిన్నవాళ్లలో తెలుగు పిల్లలు పెద్దసంఖ్యలో ఉన్నారు. అయినా మన ఇళ్లలో ఈ మాట గడప దాటదు.

మీరు ప్రొఫెసరో, కాలేజీ అడ్వైజరో, తెలుగు సంఘంలో మెంటరో, ఆ పిల్లాడికి తెలిసిన అంకులో ఆంటీనో కావచ్చు. ఈ విద్యార్థులకు ఎక్కువ నష్టం చేసేది శత్రువులు కాదు, మంచి మనసుతో తప్పు సలహా ఇచ్చే ఆప్తులు. అందుకే వెనక్కి తీసుకోలేని తప్పేదీ జరగకుండా చూడటం మీ మొదటి పని. దారులు వెతకడం దాని తర్వాతే. కింద చెప్పినవి ఆ వరుసలోనే ఉన్నాయి. ఆఖరి సెమిస్టర్ దాకా ఆగకుండా రెండో ఏడాదిలోనే మొదలుపెట్టండి.

1. ముందు మీ నోటినీ మీ ఫైలునూ కాపాడుకోండి

"నీ స్టేటస్ ఏంటి?" అని అడగకండి. అది చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలన్నది ఆ విద్యార్థి ఇష్టం. దానికి బదులు, "ఇమిగ్రేషన్ ఎలా ఉన్నా ప్రతి విద్యార్థికీ పనికొచ్చే సమాచారం నా దగ్గరుంది, కావాలంటే మాట్లాడుకుందాం" అని అందరితోనూ అనండి. మీ ఆఫీసు తలుపు మీద, సిలబస్ చివర అలాంటి ఒక వాక్యం ఉంటే చాలు, రావాల్సినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

చెప్పాక దాన్ని ఎక్కడా రాయకండి. అడ్వైజింగ్ నోట్సులోనూ, ఈమెయిల్లోనూ, వాట్సాప్ గ్రూపులోనూ వద్దు. 1974 నాటి ఫెర్పా చట్టం విద్యార్థి రికార్డులకు రక్షణ ఇస్తుంది. కానీ కోర్టు ఉత్తర్వు వస్తే కాలేజీ వాటిని ఇవ్వాల్సి రావచ్చు. రాయని మాటను ఎవరూ అడిగి తీసుకోలేరు. సిఫారసు లేఖలో "ఇన్ని ఇమిగ్రేషన్ కష్టాలు పడి చదివింది" అని అభిమానంగా రాసేవాళ్లున్నారు. ఆ అమ్మాయి తనంతట తాను అడిగితే తప్ప ఆ వాక్యం తీసేయండి. పేరు, చిరునామా, ఫోను లాంటి డైరెక్టరీ వివరాలు బయటికి ఇవ్వొద్దని రిజిస్ట్రార్ ఆఫీసులో రాసిచ్చే హక్కు ప్రతి విద్యార్థికీ ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు, మీరే చెప్పండి.

2. డిగ్రీకి ఏడాది ముందే లాయర్ దగ్గరికి తీసుకెళ్లండి

మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. "మాకు దారి లేదని పదేళ్ల కిందటే చెప్పేశారు" అని కుటుంబాలు అనుకుంటూ ఉండిపోతాయి. ఆ పదేళ్లలో చట్టం మారి ఉంటుంది, వాళ్ల జీవితమూ మారి ఉంటుంది. పాత జవాబును నమ్మి కూర్చోకుండా మళ్లీ కొత్తగా చూపించుకోవాలి.

లాయర్ ఏం వెతుకుతారో మీకూ కొంచెం తెలిసుండాలి. ఇంట్లో ఎవరైనా నేరానికి బాధితులై పోలీసులకు సహకరించి ఉంటే యూ వీసా. పనిలో బలవంతంగా వాడుకుని ఉంటే టీ వీసా. తల్లో తండ్రో వదిలేసి ఉన్నా, హింసించినా 21 ఏళ్లు నిండకముందే ప్రత్యేక బాలల హోదాకు ప్రయత్నించవచ్చు, అయితే రాష్ట్ర కోర్టులో వయసు హద్దు ఇంకా తక్కువ ఉండవచ్చు. స్వదేశంలో ప్రాణభయముంటే అసైలం, దానికి వచ్చిన ఏడాదిలోపే అడగాలన్న నియమముంది, మినహాయింపులూ ఉన్నాయి. చిన్నాన్నో మేనమామో ఎప్పుడో నాన్న పేరుమీదో అమ్మ పేరుమీదో పిటిషన్ వేసి ఉంటే, అది 2001 ఏప్రిల్ 30లోపు వేసినదైతే, ఇక్కడే ఉండి గ్రీన్‌కార్డు అడగనిచ్చే 245(ఐ) అనే సెక్షన్ ఇప్పటికీ కొందరికి అక్కరకొస్తుంది. అందుకే ఇంట్లో పాత రసీదులన్నీ వెతకమనండి. అటక మీది సూట్‌కేసులో మరిచిపోయిన ఐ-797 (దరఖాస్తు అందిందనో ఆమోదించామనో ఇమిగ్రేషన్ శాఖ పంపే నోటీసు) ఒకటి చాలు, లాయర్ మాట్లాడే తీరు మారిపోవడానికి.

మన పిల్లల విషయంలో మూడు సంగతులు ప్రత్యేకంగా అడగాలి. ఒకటి, ఎఫ్-1 స్టేటస్ ఈమధ్యే పోయిందా? తన చేతిలో లేని కారణంతో పోయి, అనుమతి లేని పనేదీ చేయకుండా ఉంటే, సాధారణంగా 5 నెలలు దాటకముందే ఐ-539 ఫారంతో పునరుద్ధరణ అడగవచ్చు. ఆ గడువు గడిచిపోయాక దాదాపు దారి మూసుకున్నట్టే. "ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్లు చూద్దాం" అన్న మాట ఖరీదు ఇక్కడే తెలుస్తుంది. రెండు, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే రికార్డు) మీద ఎప్పటిదాకా ఉండొచ్చో తేదీ వేసి ఉందా, డి/ఎస్, అంటే స్టేటస్ ఉన్నంతకాలం, అని ఉందా? హెచ్-4కి తేదీ ఉంటుంది. అది దాటితే, 18 ఏళ్లు నిండినవాళ్లకు అనుమతి లేని రోజుల లెక్క మొదలవుతుంది. ఆ లెక్క 180 రోజులు దాటాక దేశం విడిచి వెళితే 3 ఏళ్లు, ఏడాదికి చేరాక వెళితే 10 ఏళ్లు తిరిగి రాకుండా నిషేధం. 18 లోపు గడిచిన కాలం ఈ లెక్కలోకి రాదు. కాబట్టి పద్దెనిమిదిన్నరేళ్ల వయసు దగ్గర తీసుకునే నిర్ణయానికి ఎంత బరువుంటుందో చూడండి. మూడు, వీసాతో విమానం దిగి అధికారి ముందు నిలబడి లోపలికి వచ్చారా, సరిహద్దు దాటి వచ్చారా? తర్వాత చెప్పబోయే పెళ్లి విషయం దీని మీదే ఆధారపడుతుంది.

లాయర్ దగ్గరికి ఫైలు కట్టుకుని వెళ్లాలి. పాత పాస్‌పోర్టులన్నీ, వీసా పేజీ, ఐ-94, కాలేజీ ఇచ్చిన ఐ-20లు, అమ్మానాన్నల నోటీసులు, స్కూలు రికార్డులు, ఎప్పుడైనా పోలీసు కేసుంటే దాని ముగింపు కాగితం. మనవాళ్లకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది జనన ధ్రువపత్రం. ఊళ్లో పుట్టినప్పుడు నమోదు చేయించనివాళ్లు, "బేబీ ఆఫ్" అని తల్లి పేరుతో ఉండిపోయినవాళ్లు, ఇంటిపేరు ఒకచోట పొడుగ్గా, ఇంకోచోట ఒక్క అక్షరంతో ఉన్నవాళ్లు కోకొల్లలు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, వీసాలో ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు, అని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉన్న తాతయ్యనో బాబాయినో మీసేవకు పంపి పత్రం తెప్పించుకోండి. నమోదే లేకపోతే, లేదని చెప్పే ధ్రువీకరణ, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. ఈ పనికి నెలలు పడుతుంది, కేసు మొదలయ్యాక పరుగులు పెట్టకూడదు.

ఎవరిని నమ్మాలన్నది కూడా చెప్పండి. ఇమిగ్రేషన్ సలహా ఇవ్వగలిగేది బార్ సభ్యత్వమున్న లాయరు, లేదా న్యాయశాఖ గుర్తింపు పొందిన సంస్థలో పనిచేసే అధీకృత ప్రతినిధి మాత్రమే. లాయరు పేరు ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. కన్సల్టెన్సీలో "మేం సెట్ చేస్తాం" అనేవాళ్లు లాయర్లు కారు. చాలా కాలేజీలకు ఉచిత న్యాయ సేవలుంటాయి, లా స్కూళ్లలో క్లినిక్కులుంటాయి. కాలిఫోర్నియా వైపైతే 1972 నుంచి ఉన్న ఏషియన్ లా కాకస్ ఆసియా కుటుంబాల కష్టాలు బాగా తెలిసిన సంస్థ.

3. డాకా సంగతి తేల్చుకోండి

డాకా (చిన్నప్పుడే వచ్చిన పిల్లలను కొన్నాళ్లపాటు వెనక్కి పంపకుండా ఆపి, పని అనుమతిచ్చే పథకం) అంటే ఆశపడే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2012 జూన్ 15న ప్రకటించిన ఈ పథకానికి 2007 జూన్ 15 నుంచీ అమెరికాలోనే ఉండాలి, 16వ పుట్టినరోజుకు ముందే వచ్చి ఉండాలి, 2012లో ఆ రోజున లీగల్ స్టేటస్ లేకుండా ఉండాలి. ఇప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లలో చాలామంది 2007 తర్వాత వచ్చినవాళ్లో పుట్టినవాళ్లో. పైగా 2021 జులైలో టెక్సస్ కోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి కొత్త దరఖాస్తుల మీద నిర్ణయాలు ఆగిపోయాయి. హెచ్-4 మీద పెరిగిన పిల్లలకు అప్పట్లో స్టేటస్ ఉంది కాబట్టే డాకా దక్కలేదు. చట్టాన్ని పాటించినందుకే అవకాశం పోయిన ఈ పిల్లలు 2 లక్షలకు పైగానే ఉంటారని అంచనా, వాళ్లలో భారతీయులే ఎక్కువ.

డాకా ఉన్న విద్యార్థైతే గడువుకు 120 నుంచి 150 రోజుల ముందు పునరుద్ధరణకు వేయించండి. ఫీజు కట్టలేకపోతే కాలేజీలో అత్యవసర నిధి ఉందేమో అడగండి. అప్పుడు వచ్చిన సోషల్ సెక్యూరిటీ నంబరు జీవితాంతం తనదే, పని అనుమతి మాత్రం కార్డు మీదున్న తేదీ వరకే.

4. ఒక్క తప్పుడు టిక్కు పెట్టనివ్వకండి

ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

ఉద్యోగంలో చేరిన రోజున హెచ్ఆర్‌వాళ్లు, పనిచేసే అనుమతి ఉందో లేదో తేల్చే ఐ-9 ఫారం పంపుతారు. మొదటి పేజీలో వరసగా గడులుంటాయి. అమెరికా పౌరులు అన్నది మొదటి గడి. చేతిలో ఫోను, స్క్రీను మీద ఫారం, సాయంత్రంలోగా పంపమని మెయిలు. ఆఫీసులో అందరూ పెట్టేది మొదటి గడికే. "ఎవరు చూస్తారులే" అని రూమ్మేట్ అంటాడు. ఆ టిక్కు పెడితే, పౌరుడినని అబద్ధం చెప్పినట్టే. 1996 చట్టం ప్రకారం దీనికి శాశ్వత నిషేధముంది, మినహాయింపులు దాదాపు లేవు. తర్వాత పౌరురాలినే పెళ్లి చేసుకున్నా, గొప్ప కంపెనీ స్పాన్సర్ చేసినా ఆ గడి అడ్డం పడుతుంది. గడువు దాటి ఉండిపోవడం కొన్ని సందర్భాల్లో మాఫీ అవుతుంది, ఇది మాఫీ కాదు.

డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగినప్పుడు అలవాటుగా "ఎస్" అనడమూ ఇలాంటి ప్రమాదమే. స్నేహితుడి సోషల్ నంబరు వాడుకోవడం, ఎవరో చేసిచ్చిన కార్డు చూపించడం వేరే నేరాలు. "మా వాడు కూడా అలాగే చేశాడు, ఏం కాలేదు" అనే పెద్దమనిషి ప్రతి పార్టీలోనూ ఒకరుంటారు. ఆయన మాట వినొద్దని ఆ పిల్లలకు గట్టిగా చెప్పండి. ఇప్పటికే ఎక్కడైనా అలాంటి గడి నింపి ఉంటే, మీకు చెప్పక్కర్లేదు, లాయర్‌కు మాత్రం దాచకుండా చెప్పాలని చెప్పండి.

ఇంటర్వ్యూలో "మీకు పనిచేసే అనుమతి ఉందా" అన్న ప్రశ్న వస్తుంది. అనుమతి లేనివాళ్లు అవునని చెప్పకూడదు. అలాగని మీ స్టేటస్ కథంతా కంపెనీకి చెప్పమని మీరు సలహా ఇవ్వకూడదు. అనుమతి లేనివాళ్లు ఆ ఉద్యోగానికి వెళ్లకపోవడమే మేలు. వేరే దారులు కింద ఉన్నాయి.

18 నుంచి 25 ఏళ్ల మధ్య మగపిల్లలు సెలెక్టివ్ సర్వీసులో, అంటే సైన్యం అవసరానికి ప్రభుత్వం ఉంచే జాబితాలో, నమోదు కావాలి. కాగితాలు లేనివాళ్లకూ ఇది వర్తిస్తుంది. 26 నిండితే ఇక చేయలేరు. రేపు పౌరసత్వం దాకా వెళితే ఇది అడుగుతారు.

5. సంపాదనకు ఉన్న దారులు, వాటి హద్దులు

1986 చట్టం వచ్చాక యజమాని ప్రతి ఉద్యోగి దగ్గరా ఐ-9 తీసుకోవాలి. స్వతంత్రంగా కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ల దగ్గర, అంటే ఉద్యోగి కాని వాళ్ల దగ్గర, అది తీసుకోవాల్సిన పని లేదు. సొంతంగా ఎల్ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టుకోవడానికి ఇమిగ్రేషన్ స్టేటస్ అడగరు. అందుకే వెబ్ డిజైన్, ట్యూషన్లు, ఫొటోగ్రఫీ, అనువాదం, అకౌంటింగ్ సాయం లాంటి పనులతో కాలేజీ చదివినవాళ్లు చాలామంది సొంత పని మొదలుపెట్టారు. ఇమిగ్రంట్స్ రైజింగ్ అనే సంస్థ 2006 నుంచి ఈ విద్యార్థులతోనే పనిచేస్తోంది. సొంత వ్యాపారం మొదలుపెట్టేవాళ్ల కోసం వాళ్లు రాసిన మార్గదర్శకాలు ఉచితం, చదివించండి.

కానీ దీన్ని మంత్రంలా చెప్పకండి. అనుమతి లేదని తెలిసీ కాంట్రాక్టు ఇచ్చే క్లయింటు చట్టాన్ని ఉల్లంఘించినట్టే. పేరుకు కాంట్రాక్టు, నిజానికి రోజూ తొమ్మిదికి ఒకే ఆఫీసుకు వెళ్లి బాస్ చెప్పినట్టు చేసే పనైతే, ప్రభుత్వం దాన్ని ఉద్యోగంగానే చూస్తుంది. ఎప్పటికైనా ఎఫ్-1 పునరుద్ధరణ అడగాలనుకునేవాళ్లకు ఏ రకం పనైనా చేటు చేయవచ్చు. అందుకే రెండో పనిలో చెప్పిన లాయర్ మాట అయ్యాకే ఇది.

పన్ను సంగతి చూద్దాం. సోషల్ నంబరు లేనివాళ్లు డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్, అంటే పన్ను కోసం ఇచ్చే నంబరు, తీసుకుంటారు. పాస్‌పోర్టు అసలు ప్రతిని పోస్టులో పంపాలంటే భయపడతారు, సహజమే. పన్నుల శాఖ (ఐఆర్ఎస్) గుర్తించిన సర్టిఫైడ్ అక్సెప్టెన్స్ ఏజెంట్ దగ్గరికి వెళితే ఆయనే చూసి ధ్రువీకరిస్తారు, పాస్‌పోర్టు ఇంట్లోనే ఉంటుంది. సొంత పనిలో నికరంగా 400 డాలర్లు మిగిలితే రిటర్ను వేయాలి, మామూలు పన్నుకు తోడు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఉంటుంది. మూడేళ్లు వరసగా రిటర్నులో వాడకపోతే ఐటిన్ కాలం చెల్లుతుంది. సక్రమంగా పన్ను కట్టిన రికార్డు రేపటి ఇమిగ్రేషన్ కేసులో మంచి నడవడికకు సాక్ష్యంగా నిలబడుతుంది. అయితే 2025 ఏప్రిల్‌లో పన్నుల శాఖ, ఇమిగ్రేషన్ శాఖ సమాచారం పంచుకునేందుకు ఒప్పందం చేసుకున్నాయి, దాని మీద కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి. కొత్తగా ఐటిన్‌కు వెళ్లేవాళ్లు ఏ చిరునామా ఇవ్వాలి, ఎప్పుడు వేయాలి అన్నది లాయర్‌ని అడిగి చేయాలి.

6. వృత్తి లైసెన్సు ఏ రాష్ట్రంలో ఇస్తారో ముందే చూడండి

నర్సింగు, టీచింగు, అకౌంటింగు, లా లాంటి చదువుల్లో ఉన్నవాళ్లకు పరీక్ష పాసయ్యాక లైసెన్సు రాదేమోనని దిగులు. 1996 నాటి ఫెడరల్ చట్టం రాష్ట్రాలకు ఒక వెసులుబాటిచ్చింది. ప్రత్యేకంగా చట్టం చేస్తే కాగితాలు లేనివాళ్లకూ లైసెన్సు ఇవ్వొచ్చు. సెర్జియో గార్సియా అనే యువకుడికి 2014 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు లాయర్‌గా నమోదుకు అనుమతిచ్చింది. ఆ ఏడాదే ఆ రాష్ట్రం మిగతా వృత్తులకూ చట్టం చేసింది, సోషల్ నంబరు బదులు ఐటిన్ ఇవ్వొచ్చు. 2018లో ఇల్లినాయ్, 2019లో నెవాడా, 2020లో న్యూజెర్సీ అదే బాట పట్టాయి. న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, అక్కడివాళ్లు దీన్ని తెలుసుకోవాలి.

లైసెన్సు వేరు, పనిచేసే అనుమతి వేరు. లైసెన్సుంటే సొంత ప్రాక్టీసు పెట్టుకునే వృత్తుల్లో దానికి నిజమైన విలువ ఉంటుంది. ఆస్పత్రి, బడి లాంటి చోట ఉద్యోగిగా చేరాల్సిన వృత్తుల్లో అది ఒక్కటే చాలదు. ఈ తేడా మేజర్ ఎంచుకునే ముందే చెప్పాలి. నాలుగేళ్లు చదివాక చెబితే ఆ పిల్ల ఏం చేయగలదు?

7. పై చదువులకు వెళ్లేవాళ్లకు

పీహెచ్‌డీలో సీటొస్తే సంతోషమే, డబ్బు ఏ పేరుతో ఇస్తారన్నది చూడాలి. టీచింగ్ అసిస్టెంట్, రీసెర్చ్ అసిస్టెంట్ అంటే ఉద్యోగం, అనుమతి కావాలి. పని షరతు లేని ఫెలోషిప్ అయితే సాధారణంగా ఉద్యోగం కిందికి రాదు. మీరు ప్రొఫెసరైతే, గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కు మీరే ఫోన్ చేసి, విద్యార్థి పేరు చెప్పకుండా అడగండి. ఈ ఒక్క ఫోన్ కాల్ విద్యార్థి చేయలేడు, మీరు చేయగలరు.

మెడిసిన్ గురించి మన ఇళ్లలో మోజెక్కువ కాబట్టి సూటిగా చెబుతాను. షికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయం స్ట్రిచ్ మెడికల్ స్కూలు 2012లోనే డాకా విద్యార్థులకు తలుపు తెరిచింది, ఆ తర్వాత ఇంకొన్ని కాలేజీలు చేరాయి. కానీ ఎండీ పూర్తయ్యాక చేయాల్సిన రెసిడెన్సీ ఉద్యోగమే. పని అనుమతి లేకుండా అది దొరకదు, అది లేకుండా డాక్టరుగా ప్రాక్టీసు లేదు. లక్షల డాలర్ల అప్పు చేసే ముందు ప్రీ-హెల్త్ డ్రీమర్స్ సంస్థవాళ్లతో మాట్లాడించండి.

కంపెనీ ఏదైనా ఉద్యోగమిస్తానంటే, దేశం బయటికి వెళ్లి 212(డి)(3) మాఫీతో ఉద్యోగ వీసా తీసుకుని తిరిగొచ్చే దారి కూడా చట్టంలో ఉంది. 2024 జూన్‌లో ప్రభుత్వం ఇక్కడి డిగ్రీ ఉన్నవాళ్లకు దీన్ని సులువు చేస్తామంది. కానీ మాఫీ ఇచ్చితీరాలన్న నియమం లేదు, ఒకసారి దేశం దాటాక వీసా రాకపోతే వెనక్కి రాలేరు. వెళ్లాలో వద్దో అనుభవమున్న లాయరే చెప్పాలి, మీరు చెప్పకూడదు.

8. క్యాంపస్‌లో ఉన్నప్పుడే చేసుకోవాల్సినవి

పట్టా వచ్చాక కాలేజీ ఆరోగ్య బీమా ఆగిపోతుంది. పళ్లు, కళ్లు, టీకాలు, కౌన్సెలింగ్ ఆఖరి సెమిస్టర్‌లోనే చూపించుకోవాలి. తర్వాత స్టేటస్ అడగని కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఎక్కడున్నాయో రాసివ్వండి. బ్యాంకు ఖాతా, సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు విద్యార్థిగా ఉన్నప్పుడు తెరవడం తేలిక. ట్రాన్‌స్క్రిప్టులు నాలుగైదు కాపీలు తీసుకోవాలి, బకాయి ఉంటే కొన్ని కాలేజీలు అవి ఆపేస్తాయి కాబట్టి ముందే కట్టేయాలి. కాలేజీ ఈమెయిల్ మూతపడేలోపు అందులోని ముఖ్యమైన కాగితాలన్నీ బయటికి తీసుకోవాలి. ఉండే రాష్ట్రం స్టేటస్‌తో సంబంధం లేకుండా డ్రైవింగ్ లైసెన్సు ఇస్తుందో లేదో చూడండి, కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ ఇస్తాయి.

తిరిగి ఇండియా వెళ్లాలని ఆలోచించే విద్యార్థులూ ఉంటారు. వాళ్లను ఓడిపోయినవాళ్లలా చూడకండి. బయల్దేరేముందే 3, 10 ఏళ్ల నిషేధం లెక్క లాయర్‌తో చూసుకోవాలి. డిగ్రీకి ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (వేరే దేశంలో పత్రం చెల్లేలా వేసే ధ్రువీకరణ) వేయించుకోవాలి, ఇండియాలో ఉద్యోగానికో చదువుకో సమానత్వ పత్రం అడిగినప్పుడు అది పనికొస్తుంది. ఐదో ఏట వచ్చినవాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. కొన్ని నెలలు ఎవరైనా కూర్చోబెట్టి నేర్పితే పెద్ద ఆసరా.

9. ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు

మన తల్లిదండ్రులు భయంతోనూ అపరాధభావంతోనూ ఉంటారు. "మా వల్లే వాడి బతుకిలా అయింది" అని లోపల కుమిలిపోతూ, పైకి "ఎవరికీ చెప్పకు" అంటారు. వాళ్లను తప్పుపడితే ఆ తలుపు మూసుకుంటుంది. "అక్కా, వదినా, మీరు చేసిన కష్టం వల్లే పిల్ల ఇంతదాకా చదివింది, ఇక మిగిలింది కలిసి చూద్దాం" అని మొదలుపెట్టండి.

తర్వాత రెండు మాటలు విడమరిచి చెప్పాలి. ఒకటి ప్రయాణం. అమ్మమ్మ పోయిందని కబురొస్తుంది, "ఒక్క వారం వెళ్లొస్తే ఏమవుతుంది" అని ఇండియాలో ఉన్న మేనమామ ఫోన్ చేస్తాడు. అనుమతి లేకుండా వెళితే తిరిగి రాలేకపోవచ్చు. డాకా ఉన్నవాళ్లు కూడా అడ్వాన్స్ పరోల్, అంటే వెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, చేతికి వచ్చాకే, లాయర్ సరేనన్నాకే కదలాలి. ఇది కబురొచ్చిన రాత్రి చర్చించుకునే విషయం కాదు. మామూలు రోజుల్లోనే ఇంట్లో అందరికీ తెలిసుండాలి, ఇండియాలో ఉన్నవాళ్లకు కూడా.

రెండోది పెళ్లి. "సిటిజన్ సంబంధం చూసి చేసేస్తే గొడవ వదిలిపోతుంది" అనే మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. నిజంగా ఇష్టపడి, కలిసి బతికే పెళ్లయితే చట్టం దారి చూపిస్తుంది. వీసాతో వచ్చి గడువు దాటి ఉన్నవాళ్లు పౌరులను పెళ్లి చేసుకుంటే చాలావరకు ఇక్కడే గ్రీన్‌కార్డుకు వేయవచ్చు. సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు మామూలుగా అలా కుదరదు, ముందు మాఫీ తెచ్చుకుని కాన్సులేట్‌కి వెళ్లాల్సి వస్తుంది. కాగితాల కోసమే చేసే ఉత్తుత్తి పెళ్లి మాత్రం నేరం. 5 ఏళ్ల దాకా జైలు, 2.5 లక్షల డాలర్ల దాకా జరిమానా, ఆ తర్వాత వేసే ఏ పిటిషన్‌కీ ఆమోదం ఉండదు. డబ్బు తీసుకుని ఇలాంటివి కుదిర్చేవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆ మాట ఎత్తితే అక్కడితో ఆపేయమని చెప్పండి.

10. అత్యవసరానికి ఒక కాగితం, ఆ తర్వాత ఒక క్యాలెండర్

లాయర్ ఫోను నంబరు, ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఫైలు నంబరు) ఉంటే అది, మందుల వివరాలు, నమ్మకమైన ఇద్దరి నంబర్లు ఒక కాగితం మీద రాసి, విద్యార్థి తను నమ్మే ఒకరి దగ్గర ఉంచాలి. ఫోను లాక్కుంటే జ్ఞాపకం ఉండేది ఒక్క నంబరే, అది కంఠతా పట్టించండి. అధికారులు ఇంటి తలుపు తడితే, జడ్జి సంతకం చేసిన వారెంటు చూపించందే తలుపు తీయక్కర్లేదు. మాట్లాడకుండా ఉండే హక్కుంది, ఏ కాగితం మీదా లాయర్ చూడందే సంతకం పెట్టకూడదు. కారు, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిపెట్టుకోవాలి.

పట్టా ఇచ్చిన రోజుతో చాలామంది మెంటర్ల పని అయిపోతుంది. ఒంటరితనం మొదలయ్యేది ఆ తర్వాతే: స్నేహితులు వేరే ఊళ్లకు ఉద్యోగాలకు వెళ్లిపోతారు, కాలేజీ కౌన్సెలర్ ఉండడు. అందుకని ఆ సాయంత్రమే మీ క్యాలెండర్‌లో నాలుగు తేదీలు వేసుకోండి. ఒక నెలకు ఎలా ఉన్నారో కనుక్కోవడానికి, మూడు నెలలకు సొంత పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి, ఆరు నెలలకు ఐటిన్, పన్ను, డాకా గడువులు సరిచూడటానికి, ఏడాదికి మళ్లీ ఒకసారి లాయర్‌కు చూపించడానికి. ఫోన్ మీరే చేయండి, వాళ్లు చేస్తారని ఎదురుచూడకండి.